చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో విమానాన్ని తొయ్యడం, టాక్సీ చెయ్యడం: హ్యాంగర్ తలుపు నుంచి రన్‌వే గీత దాకా

టో బార్ (ముందు చక్రానికి తగిలించి లాగే కడ్డీ) ఎప్పుడు తియ్యాలి, ప్రాప్ (ప్రొపెల్లర్) పట్టుకుని లాగొచ్చా, గాలి వెనక నుంచి కొడుతుంటే యోక్ (విమానం స్టీరింగ్) ఎటు తిప్పాలి... కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ మూడూ మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి చివరికి అన్నీ ఒకచోట వరసగా పెట్టేద్దామని కూర్చున్నా.

టాక్సీ అంటే ఇంజన్ పవర్‌తో విమానాన్ని నేల మీద నడపడం. ఇది సెస్నా 172, పైపర్ చెరోకీ లాంటి ఒక పిస్టన్ ఇంజన్, రెండు నుంచి నాలుగు సీట్ల విమానాల కోసం రాసింది. మీ విమానం మాన్యువల్‌లో వేరే మాట ఉంటే అదే ఫైనల్, నా మాట పక్కన పెట్టేయండి.

1. ముందు కాళ్ళకి పని చెప్పండి

విమానం మీద చెయ్యి వేసే ముందు అది వెళ్ళాల్సిన దారంతా ఒకసారి నడిచి రండి. రెండు మూడు నిమిషాల పని. కారులో వచ్చేటప్పుడు చూశాం కదా అంటారు, కానీ కారుకి అడ్డం రానివి విమానానికి వస్తాయి, గులకరాళ్ళు, ఊడిన తారు ముక్కలు, పడిపోయిన బోల్టు, గడ్డిలో కనిపించని బొరియ, ఎవరో వదిలేసిన నిచ్చెన.

ఇంకోటి, రెక్క ఎంత దూరం పోతుందో కళ్ళతో కొలుచుకోండి. 172 రెక్కల మొత్తం పొడవు దాదాపు 11 మీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో వైపు ఐదున్నర మీటర్లు. హై వింగ్ (రెక్క క్యాబిన్ పైన ఉండేది) అయితే రెక్క వ్యాన్ పైకప్పుకి, తలుపు అంచుకి తగులుతుంది, లో వింగ్ అయితే కంచె గుంజలకి, లైట్లకి తగులుతుంది. ఒకదాని మీద అలవాటైనవాళ్ళు రెండోదానికి మారినప్పుడు మొదటి వారం చాలా జాగ్రత్తగా ఉండాలి, కళ్ళకి పాత ఎత్తే గుర్తుంటుంది.

తర్వాత విమానం చుట్టూ:

- రెండు రెక్కల తాళ్ళు, తోక తాడు విప్పారా? (ఎక్కువగా మర్చిపోయేది తోక తాడే, సీట్లో కూర్చుంటే అది కనపడదు)
- నోస్ వీల్ (ముందు చక్రం), మెయిన్ వీల్స్ (వెనక రెండు చక్రాలు) చాక్స్ (చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు) ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి?
- పిటో (గాలి వేగం కొలిచే గొట్టం) కవర్, ఇంజన్ గాలి దారుల్లో పెట్టే ప్లగ్గులు తీశారా?
- టైర్లలో గాలి, నోస్ స్ట్రట్ (ముందు చక్రం కాలు) ఎత్తు సరిగ్గా ఉన్నాయా?
- రడ్డర్‌కి (తోక మీద కదిలే నిలువు పలక) బయట లాక్ పెట్టి ఉంటే తీశారా?

2. ప్రాప్ ఎప్పుడూ బతికే ఉందనుకోండి

ఈ భాగం మాత్రం తొందరపడకుండా చదవండి.

కారులో కీ తీసేస్తే స్పార్క్ ఆగిపోతుంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. మాగ్నెటో (విమానం ఇంజన్‌లో స్పార్క్ ఇచ్చేది) అలా కాదు, ఇంజన్ తిరిగితే చాలు తన కరెంట్ తనే పుట్టించుకుంటుంది, దానికి బ్యాటరీతో పని లేదు. స్విచ్ ఆఫ్‌లో పెట్టినప్పుడు మనం చేసేదల్లా దాన్ని ఎర్త్ చెయ్యడమే. ఆ ఎర్త్ వైరు, పి లీడ్ అంటారు దాన్ని, తెగినా వదులైనా స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో పనిచేస్తూనే ఉంటుంది. సిలిండర్‌లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి, మీరు ప్రాప్‌ని కొంచెం తిప్పితే చాలు, ఇంజన్ ఒక్క కొట్టు కొట్టొచ్చు. ఆ ఒక్క కొట్టే చాలు చెయ్యి పోవడానికి.

అందుకే ఇంజన్ ఆపేటప్పుడు మిక్స్చర్ (ఇంధనం పాలు మార్చే మీట) లాగి ఆపుతాం, సిలిండర్లలో ఇంధనం మిగలకుండా. ఆపే ముందు ఐడిల్‌లో (ఇంజన్ అతి తక్కువ వేగంలో) స్విచ్‌ని క్షణం పాటు ఆఫ్‌కి తిప్పి వెంటనే బోత్‌కి (రెండు మాగ్నెటోలూ ఆన్) తెచ్చి చూడండి (మాన్యువల్ ఒప్పుకుంటేనే), ఇంజన్ ఆగిపోబోతున్నట్టు తడబడాలి. తడబడకుండా హాయిగా తిరుగుతూ ఉంటే ఎర్త్ పోయినట్టే. ప్రాప్ దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా, ప్రాప్ మీద కనపడేలా ఒక కాగితం కట్టి మెకానిక్‌ని పిలవండి.

తిరుగుతున్న ప్రాప్ సంగతి వేరే చెప్పాలా. 1.9 మీటర్ల ప్రాప్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే కొస వేగం గంటకి దాదాపు 360 కిలోమీటర్లు, అదీ ఐడిల్‌కి కాస్త పైన. కంటికి మాత్రం ఏమీ కనపడదు, పల్చని పొగమంచులా ఉంటుంది అంతే.

- ప్రాప్ తిరిగే వలయంలో చెయ్యి, కాలు, తల, తాడు ఏదీ ఉండకూడదు, ఇంజన్ ఆగి ఉన్నా సరే.
- ప్రయాణికుల్ని ఇంజన్ పూర్తిగా ఆగాకే ఎక్కించండి, ఆగాకే దించండి. రెండు నిమిషాలు ఆదా చెయ్యాలని తిరుగుతుండగా ఎక్కించొద్దు.
- విమానం దగ్గరికి వచ్చే దారి ఎప్పుడూ రెక్క వెనక నుంచే అని ముందే చెప్పండి, చూపించండి. పిల్లలుంటే చెయ్యి పట్టుకునే తీసుకురండి.
- ప్రాప్ పట్టుకుని విమానాన్ని లాగొచ్చా? వద్దు. కొందరు బ్లేడ్ మొదలు దగ్గర పట్టుకుంటే ఫర్వాలేదంటారు, నేనైతే ఒప్పుకోను, టో బార్ ఉన్నది అందుకే కదా.

3. చేత్తో తొయ్యడం, లాగడం

పట్టుకోవాల్సిన చోట్లు తక్కువ, పట్టుకోకూడనివి ఎక్కువ. హై వింగ్ సెస్నాలో రెక్క కింద స్ట్రట్ (రెక్కకి ఆనించిన ఏటవాలు కడ్డీ), అదీ కింది కొస దగ్గర. తర్వాత టో బార్. మీ మాన్యువల్‌లో ఇంకేవైనా చోట్లు చెప్పి ఉంటే అవి.

స్పిన్నర్ (ప్రాప్ మధ్యలోని మొన) మీద చెయ్యి వెయ్యొద్దు, రేకు పల్చన, పగులుతుంది. ఐలరాన్ (రెక్క కొస వైపు కదిలే పలక), ఫ్లాప్ (రెక్క మొదలు వైపు దిగే పలక), రడ్డర్, ఎలివేటర్ (తోకకి అడ్డంగా కదిలే పలక) మీద తోస్తే ఆ రోజు ఏమీ కనపడదు గానీ హింజ్‌లు వంగుతాయి. రెక్క కొసన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దాన్ని నెట్టొద్దు. వెనక్కి తోసేటప్పుడు అందరూ వంగి హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) అంచు పట్టుకుంటారు, అది మానేయండి.

నోస్ వీల్‌ని లేపి అక్కడికక్కడే తిప్పాలంటే స్టెబిలైజర్ మీద బరువు వెయ్యకుండా, దానికి కాస్త ముందు ఫ్యూజిలాజ్ (విమానం ఒళ్ళు) మీద, లోపల బల్క్‌హెడ్ (అడ్డ గోడ) ఉన్న చోట నొక్కండి. రివెట్ల వరస కనిపిస్తుంది చూడండి, అక్కడ.

టో బార్‌కి ఒకటే రూలు: అది చేతిలోనైనా ఉండాలి, లేదా విమానం నుంచి తీసేసైనా ఉండాలి, మధ్యలో ఇంకోటి లేదు. ఫోన్ మోగిందని, తలుపు వెయ్యాలని దాన్ని నోస్ వీల్‌కే వదిలేసి పక్కకి వెళ్ళారంటే మీరు తిరిగొచ్చేసరికి మీ తలలో అది ఉండదు. నేనే ఒకసారి అలా వదిలేసి ఎక్కి కూర్చుని మాస్టర్ (మెయిన్ కరెంట్ స్విచ్) ఆన్ చేసి కీ తిప్పబోతుంటే బయట నిలబడ్డ ఒకాయన రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, దిగి చూస్తే టో బార్ ప్రాప్ కిందే ఉంది, గుండె జారిపోయింది. అప్పటి నుంచి టో బార్ తీసి సామాన్ల అరలో పెట్టాక ఆ అర తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి గానీ కాక్‌పిట్ ఎక్కను.

నేల కాస్త వాలుగా ఉంటే ఒంటరిగా తొయ్యొద్దు. ఒకరు చాక్ చేతిలో పట్టుకుని మెయిన్ వీల్ పక్కన నడవాలి, లేదా ఒకరు లోపల బ్రేకుల మీద కూర్చోవాలి. పార్కింగ్ బ్రేక్ ఉంది కదా అని ధైర్యపడకండి, హైడ్రాలిక్ ప్రెషర్ మెల్లగా దిగిపోతూ ఉంటుంది, మీరు అటు తిరిగేసరికి విమానం కదులుతుంది.

4. హ్యాంగర్ నుంచి బయటికి

దెబ్బలన్నీ ఇక్కడే తగులుతాయి, కారణం కూడా ఒకటే. అందరి కళ్ళూ ముక్కు మీద ఉంటాయి, తగిలేది తోక. నోస్ వీల్‌ని కుడికి తిప్పి ముందుకి లాగితే తోక ఎడమకి ఊగుతుంది, ఆ ఊపు మీరనుకున్న దానికన్నా ఎక్కువ, ఎందుకంటే విమానం మెయిన్ వీల్స్ చుట్టూ తిరుగుతుంది, తోక వాటికి చాలా వెనక ఉంది.

మనుషులు ఎలా నిలబడాలంటే:

- ఒకరు టో బార్ దగ్గర, ఆయనే లీడర్, ఎటు వెళ్ళాలో ఆయనే చెప్తాడు.
- ఒక్కో రెక్క కొసన ఒక్కొక్కరు, కళ్ళు ఆ కొస మీదే.
- తోక దగ్గర ఒకరు. మనుషులు తక్కువైతే రెక్కల్లో ఖాళీ ఎక్కువ ఉన్న వైపు మనిషిని తోకకి పంపండి.
- "ఆపు" అన్న మాట ఎవరు అన్నా, పదేళ్ళ పిల్లాడు అన్నా, అందరూ ఆగాలి. ఎందుకన్నావని తర్వాత అడుగుదురు.

లీడర్ తప్ప మిగతా ఎవరూ తొయ్యకూడదు, చూడటమే వాళ్ళ పని. తోసేవాడు నేల వైపు చూస్తాడు, రెక్కని చూడడు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. హ్యాంగర్ గడప మీద చిన్న పట్టీయో గాడియో ఉంటుంది కదా, దాని మీదుగా నోస్ వీల్ దిగేటప్పుడు నోస్ స్ట్రట్ కిందికి నొక్కుకుంటుంది, ముక్కు వంగితే తోక పైకి లేస్తుంది, రడ్డర్ పైకొస తలుపు పై దూలానికి తగులుతుంది. నోస్ టైర్‌లో గాలి లేకపోయినా, స్ట్రట్ దిగిపోయినా నిలబడి ఉండగానే తోక ఎత్తు పెరిగి ఉంటుంది. నిన్న సరిపోయింది కదా ఇవాళ ఎందుకు తగిలింది అంటే జవాబు ఇదే. గడప దగ్గర ఆగి, మెల్లగా ఒక్కో చక్రం దింపండి.

తలుపులు పూర్తిగా తెరిచి గొళ్ళెం వెయ్యండి. సగం తెరిచిన తలుపు గాలికి కదులుతుంది.

5. వాహనంతో లాగితే

తక్కువే చెప్తా. నడిచే వేగం, కుదుపు లేకుండా. 172 నోస్ వీల్‌కి టో చేసేటప్పుడు రెండు వైపులా 30 డిగ్రీలు హద్దు, అది దాటితే గేర్ (చక్రాల కాళ్ళు) దెబ్బతింటుంది, చాలా విమానాల్లో నోస్ లెగ్ మీద ఈ హద్దు చూపించే ఎర్ర గీతలు ఉంటాయి. రడ్డర్ లాక్ తీసి ఉండాలి, పార్కింగ్ బ్రేక్ వదిలి ఉండాలి. వాహనం ఆగితే విమానం ఆగదు, అందుకే లోపల బ్రేకుల మీద ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికీ డ్రైవర్‌కీ ఒకరికొకరు కనపడాలి.

6. కీ తిప్పే ముందు

విమానాన్ని ఎటు తిప్పి నిలబెట్టారో చూసుకోండి. మీ తోక తెరిచి ఉన్న హ్యాంగర్ వైపో, వేరే విమానం వైపో, జనం వైపో ఉంటే మీ ప్రాప్ గాలితో దుమ్మూ రాళ్ళూ అటే పోతాయి. విమానాన్ని చేత్తో ఇంకో పావు చుట్టు తిప్పండి, అంతే.

- టో బార్, చాక్స్, తాళ్ళు: ఎక్కే ముందు ఆఖరి చూపు, వేలు పెట్టి లెక్కపెట్టండి.
- కంట్రోల్ లాక్ తీసి అన్ని వైపులా పూర్తిగా కదిలించండి.
- బీకన్ లైట్ ఆన్.
- బ్రేకులు గట్టిగా నొక్కి ఉంచండి, థ్రాటిల్ (ఇంజన్ పవర్ మీట) మాన్యువల్ చెప్పినంతే తెరవండి.
- "క్లియర్ ప్రాప్" అని కిటికీలోంచి గట్టిగా అరవండి, అరిచాక ఆగండి, ముందు, రెండు పక్కలా, వెనక చూడండి. అరుస్తూనే కీ తిప్పితే అరిచి లాభం ఏముంది.

ఇంజన్ అందుకోగానే నిమిషానికి 1000 చుట్ల దగ్గరికి దించండి. థ్రాటిల్ ఎక్కువ తెరిచి ఉండి ఇంజన్ అందుకుంటే విమానం ఎగిరి దూకినట్టు కదులుతుంది, అప్పుడు మీ కళ్ళు బయట ఉండాలి. ఆయిల్ ప్రెషర్ 30 సెకన్లలోపు లేవాలి, లేవకపోతే ఆపెయ్యండి.

ప్రైమింగ్ (స్టార్ట్‌కి ముందు ఇంజన్‌లోకి ఇంధనం కొట్టడం) ఎక్కువై కార్బురేటర్ దగ్గర మంట వస్తే కంగారుపడి స్టార్టర్ వదిలెయ్యొద్దు, తిప్పుతూనే ఉండండి, ఇంజన్ ఆ మంటని లోపలికి లాక్కుంటుంది. అందుకుంటే కొద్దిసేపు నడిపి ఆపి మెకానిక్‌కి చూపించండి. అందుకోకపోతే మిక్స్చర్ కట్ ఆఫ్, థ్రాటిల్ పూర్తిగా ఓపెన్, తిప్పుతూ ఉండి, ఫ్యూయల్ ఆఫ్, తర్వాత స్విచ్‌లన్నీ ఆఫ్ చేసి దిగిపోవడం. మీ విమానం వరస మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని కంఠతా పట్టండి.

చేత్తో ప్రాప్ కొట్టి స్టార్ట్ చెయ్యడం గురించి ఇక్కడ రాయను, అది ఎదురుగా నిలబడి నేర్పాల్సిన విద్య. బ్యాటరీ దిగిపోయిందా, ఆ రోజుకి ఛార్జర్ పెట్టుకోండి.

7. మొదటి పది మీటర్లు

కదలగానే, ఇంకా ఏ విమానం పక్కకీ చేరకముందే, థ్రాటిల్ మూసి బ్రేక్ నొక్కి చూడండి. పక్కన ఇంకో పైలట్ ఉంటే ఆయన వైపు బ్రేకులూ చూడమనండి. ఒక వైపు పెడల్ మెత్తగా లోపలికి పోతే అక్కడే ఆపెయ్యండి, పంప్ చేస్తే వస్తోందిలే అని బయల్దేరొద్దు.

ఖాళీ ఉన్న చోట రెండు వైపులా కొద్దిగా తిప్పుతూ మీటర్లు చూడండి. కుడికి తిరిగితే హెడింగ్ అంకె పెరగాలి, టర్న్ కోఆర్డినేటర్ (మలుపు చూపే మీటర్) కుడికి వాలాలి, అందులోని బంతి ఎడమకి పోవాలి, ఆటిట్యూడ్ మీటర్ కదలకుండా ఉండాలి. ఇది చూస్తూ బయట చూడటం మర్చిపోతే మాత్రం చెయ్యకపోవడమే మేలు.

8. వేగం, పవర్, బ్రేక్

ఎంత వేగం అంటే చురుగ్గా నడిచే మనిషి వేగం. మనుషులూ విమానాలూ ఉన్న ఏప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద ఇంకా తక్కువ. థ్రాటిల్ మూసేస్తే దానంతటదే ఆగే వేగం అయితే సరైన వేగం, బ్రేక్ నొక్కితేనే ఆగుతుంది అంటే ఎక్కువైంది.

కొత్తవాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు, పవర్ ఎక్కువ పెట్టి బ్రేక్ తొక్కి పట్టుకుని నడపడం. బ్రేకులు కాగుతాయి, అవసరమైనప్పుడు పట్టవు. ముందు పవర్ తగ్గించండి, తర్వాత బ్రేక్. మడమలు నేల మీద, కాలి కొస రడ్డర్ పెడల్ కింది భాగం మీద పెట్టుకుంటే తెలియకుండా బ్రేక్ మీద కాలు పడదు.

సెస్నా 172లో పెడల్‌తో నోస్ వీల్ తిరిగేది ఒక్కో వైపు 10 డిగ్రీలే, ఇంకా తిరగాలంటే లోపలి వైపు బ్రేక్ కాస్త కలపాలి. కానీ ఒక చక్రాన్ని బిగబట్టి దాని చుట్టూ గిర్రున తిప్పొద్దు, టైరు అరిగిపోతుంది, గేర్ మీద పక్క బలం పడుతుంది.

టాక్సీలో మిక్స్చర్ బాగా లీన్ చేసుకోండి (ఇంధనం పాలు తగ్గించడం), లేకపోతే స్పార్క్ ప్లగ్గులు మసి పడతాయి. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడి గాలి ఇచ్చే మీట) నేల మీద అనవసరంగా వాడొద్దు, ఆ వేడి గాలి ఫిల్టర్ గుండా రాదు, దుమ్మంతా ఇంజన్‌లోకి పోతుంది.

చెక్‌లిస్ట్, టాబ్లెట్, ఫోన్, మ్యాప్ ఏదైనా చూడాలంటే ఆగి చూడండి, కదులుతూ కాదు.

టెయిల్ వీల్ విమానం (తోక కింద చక్రం ఉండేది) అయితే ముక్కు అడ్డం వస్తుంది, అందుకే పాములా అటూ ఇటూ తిరుగుతూ వెళ్ళాలి, ముందు ఏముందో పక్క కిటికీలోంచి చూసుకుంటూ.

9. గాలి ఎటు ఉంటే యోక్ అటా, ఇటా

బట్టీ పట్టకుండా కారణం అర్థం చేసుకుంటే జన్మలో మర్చిపోరు. గాలి ఏ రెక్క కిందకి దూరి లేపబోతోందో చూడండి, ఆ రెక్క లేవకుండా ఐలరాన్ పెట్టాలి.

గాలి ముందు ఎడమ నుంచి వస్తోంది: యోక్ ఎడమకి తిప్పండి, ఎడమ ఐలరాన్ పైకి లేస్తుంది, ఆ రెక్క కిందికి అణుగుతుంది. నోస్ వీల్ విమానంలో ఎలివేటర్ మధ్యలో, టెయిల్ వీల్ అయితే స్టిక్ పూర్తిగా వెనక్కి.

గాలి వెనక ఎడమ నుంచి వస్తోంది: యోక్ కుడికి తిప్పి ముందుకి తొయ్యండి. ఎడమ ఐలరాన్ కిందికి దిగుతుంది, వెనక నుంచి వచ్చే గాలికి అది అడ్డుగోడలా నిలబడి రెక్కని నేలకి నొక్కుతుంది, ఎలివేటర్ కిందికి దిగి తోకని అలాగే పట్టుకుంటుంది.

కుడి నుంచి వస్తే ఇవే తిరగేసి. ఎదురు గాలైతే గాలి వైపుకి తిప్పు, వెనక గాలైతే గాలికి దూరంగా తిప్పి ముందుకి తొయ్యి.

అన్నిటికన్నా భయపడాల్సింది వెనక మూల నుంచి వచ్చే గాలికే, అందులోనూ హై వింగ్ నోస్ వీల్ విమానాలకి. గాలి వెనక నుంచి రెక్క కిందా, స్టెబిలైజర్ కిందా దూరి లేపితే బరువంతా అవతలి ముందు మూల మీద పడుతుంది. అప్పుడే మీరు వేగంగా మలుపు తిప్పారనుకోండి, లేదా గట్టిగా బ్రేక్ వేశారనుకోండి, రెక్క కొస నేలని తాకుతుంది, దాని వెనకే ప్రాప్. అందుకే గాలి ఉన్న రోజు మలుపు దగ్గర ఆగినంత పని చేసి తిరగండి, ప్రతి మలుపులోనూ యోక్ మారుస్తూ రండి.

విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ సంచి) చూసే అలవాటు చేసుకోండి. చిన్న కాగితం మీద గాలి బాణం గీసుకుని మోకాలి మీద పెట్టుకున్నా తప్పు లేదు, నేను చాలా రోజులు అలాగే చేశా. గాలి మరీ ఎక్కువగా ఉండి ఒకరు రెక్క పట్టుకోవాల్సి వచ్చిందంటే అసలు బయల్దేరాలా అని ముందు అడగండి.

10. గడ్డి, గులకరాళ్ళు, మెత్తటి నేల

2017 దాకా అమెరికా డిజైన్ నియమాల్లో నోస్ వీల్ విమానాలకి ప్రాప్ కొసకీ నేలకీ మధ్య కనీసం 7 అంగుళాలు, టెయిల్ వీల్‌కి 9 అంగుళాలు అని ఉండేది. 7 అంగుళాలంటే 18 సెంటీమీటర్లు, మణికట్టు నుంచి మధ్య వేలి కొస దాకా ఉన్నంత. బొరియలో నోస్ వీల్ దిగితే అందులో ఎంత మిగులుతుందో ఆలోచించుకోండి.

- గడ్డి మీద యోక్ వెనక్కి లాగి ఉంచండి (వెనక గాలి లేనప్పుడు), నోస్ వీల్ మీద బరువు తగ్గుతుంది.
- మెత్తటి చోట ఆగొద్దు, ఆగితే దిగబడుతుంది.
- దిగబడితే పవర్ పెంచి లాగాలని చూడొద్దు. ఇంజన్ ఆపి, దిగి, మనుషులతో తోయించండి.
- గులకరాళ్ళ మీద నిలబడి పవర్ పెంచొద్దు, ప్రాప్ వాటిని పైకి పీల్చుకుంటుంది. కదులుతూ మెల్లగా పెంచండి, రన్ అప్ (టేకాఫ్‌కి ముందు పవర్ పెంచి ఇంజన్ చూసుకోవడం) శుభ్రమైన గట్టి నేల మీదే.
- తడి గడ్డి మీద బ్రేక్ లేదనుకునే నడపండి.

11. పక్కవాళ్ళ గాలి

పెద్ద విమానం ఇంజన్ తిరుగుతుంటే దాని వెనకగా పోవద్దు, బీకన్ వెలిగి ఉందంటే స్టార్ట్ అయిందనో, అవబోతోందనో అర్థం. హెలికాప్టర్ గాల్లో నిలబడి ఉంటే దాని రోటర్ వ్యాసానికి మూడు రెట్ల దూరంలో ఉండండి, ఆ గాలి కిందికి దిగి నేల వెంట నాలుగు వైపులా పాకుతుంది, చిన్న విమానాన్ని తిరగేసేంత బలం ఉంటుంది. ముందు విమానం రన్ అప్ చేస్తుంటే కాస్త వెనకగా, పక్కకి వాలుగా ఆగండి.

12. రన్‌వే గీత దగ్గర

హోల్డింగ్ గీత అంటే పసుపు రంగులో రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు మీ వైపు ఉంటే ఆగాలి. తెగినవి మీ వైపు ఉంటే మీరు రన్‌వే మీద నుంచి బయటికి వస్తున్నట్టు, దాటి పూర్తిగా బయటికి వచ్చాకే ఆగాలి. ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు కనిపిస్తే అది అనుమతి లేకుండా దాటకూడని చోటు. గడ్డి ఫీల్డుల్లో గీతలే ఉండవు, అక్కడ ఎక్కడ ఆగాలో ముందే అడిగి తెలుసుకోండి.

టవర్ ఉంటే "హోల్డ్ షార్ట్" (రన్‌వేకి ముందే ఆగు) అన్న మాట, రన్‌వే నంబర్, మీ కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు) మూడూ తిరిగి చెప్పాలి. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, సిగ్గు పడేదేం లేదు. దారి తప్పాననిపిస్తే అక్కడే ఆగి చెప్పండి. 2001 అక్టోబర్ 8న మిలాన్ లినాటేలో పొగమంచులో ఒక చిన్న సెస్నా జెట్ వేరే టాక్సీవేలోకి తిరిగి, వాడుకలో ఉన్న రన్‌వే మీదకి వెళ్ళిపోయింది, టేకాఫ్ అవుతున్న విమానంతో గుద్దుకుని 118 మంది పోయారు.

టవర్ లేకపోతే కామన్ ఫ్రీక్వెన్సీలో ఫీల్డ్ పేరు, కాల్‌సైన్, ఎక్కడున్నారు, ఎటు వెళ్తున్నారు, మళ్ళీ ఫీల్డ్ పేరు. చెప్పాం కదా అని దూసుకుపోవద్దు, రేడియో లేని విమానాలుంటాయి, తప్పు ఫ్రీక్వెన్సీలో ఉన్నవాళ్ళూ ఉంటారు. ఎక్కే ముందు విమానాన్ని కాస్త వాలుగా తిప్పి ఫైనల్, బేస్ (దిగే విమానాలు వచ్చే ఆఖరి రెండు దారులు) రెండూ కళ్ళతో చూడండి, హై వింగ్‌లో రెక్కే అడ్డం వస్తుంది. రన్‌వే రెండో కొస కూడా చూడండి, అటు నుంచి ఎవరైనా దిగుతుండొచ్చు.

మీ రేడియో పోయి టవర్ నుంచి లైట్ చూపిస్తే:

- నిలకడ ఎరుపు: ఆగు
- మెరిసే ఎరుపు: రన్‌వే నుంచి తప్పుకో
- మెరిసే ఆకుపచ్చ: టాక్సీ చేసుకో
- మెరిసే తెలుపు: బయల్దేరిన చోటికి తిరిగి వెళ్ళు

13. రాత్రి పూట

వేగం సగం చెయ్యండి. టాక్సీవే అంచు లైట్లు నీలం, రన్‌వే అంచు లైట్లు తెలుపు, తెల్లవి చుట్టూ కనిపిస్తే మీరు రన్‌వే మీద ఉన్నారు. ఏప్రాన్‌లో స్ట్రోబ్‌లు (తళుక్కున మెరిసే తెల్ల లైట్లు) ఆఫ్, ఎదురుగా ఎవరైనా ఉంటే ల్యాండింగ్ లైట్ కూడా ఆఫ్, వాళ్ళ కళ్ళు పోతాయి.

14. జరిగే తప్పులు, అప్పుడు ఏం చెయ్యాలి

*రెక్కకి ఖాళీ సరిపోతుందా లేదా అనుమానం.* సరిపోదు. ఇంజన్ ఆపి, దిగి, చేత్తో తొయ్యండి. బయట నుంచి ఎవరో "వచ్చెయ్ వచ్చెయ్" అని చెయ్యి ఊపినా సరే, రెక్క మీ బాధ్యత, ఆయనది కాదు.

*బ్రేక్ పోయింది.* థ్రాటిల్ మూసి, ఖాళీ ఉన్న వైపు తిప్పండి, ఒక వైపు బ్రేక్ మిగిలి ఉంటే దాంతోనే చుట్టు తిరగొచ్చు. ఆగేలా లేకపోతే మిక్స్చర్ లాగెయ్యండి. మనుషులూ విమానాలూ ఉన్న వైపు కన్నా గడ్డి మేలు.

*ప్రాప్ దేనికో తగిలింది, కానీ ఇంజన్ బాగానే ఉంది.* ఎగరొద్దు. బ్లేడ్ కొస కొంచెమే వంగినా ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది, లైకమింగ్, కాంటినెంటల్ రెండు కంపెనీలూ ఇలాంటప్పుడు ఇంజన్ విప్పి చూడమనే చెప్తాయి. సుత్తితో సరి చేసేద్దాం అన్నవాడి మాట వినకండి.

*తెలియకుండా గీత దాటేశాను.* ఆగి వెంటనే రేడియోలో చెప్పండి. చెప్పకుండా మెల్లగా వెనక్కి జారుకోవాలని చూడొద్దు, విమానానికి రివర్స్ లేదు.

*దిగగానే రన్‌వే మీదే ఫ్లాప్స్ తీయడం మొదలుపెట్టాను.* గీత దాటి, పూర్తిగా ఆగి, అప్పుడు చేసుకోండి. గేర్ ముడుచుకునే విమానాల్లో ఫ్లాప్ లివర్ అనుకుని గేర్ లివర్ లాగినవాళ్ళు ఉన్నారు.

15. పార్క్ చేసేటప్పుడు

మార్షలర్ (చేతి సైగలతో దారి చూపే మనిషి) ఉంటే ఆయన రెండు చేతులూ తల పైన అడ్డంగా కలిపితే ఆగాలి, చెయ్యి గొంతు మీదుగా అడ్డంగా తిప్పితే ఇంజన్ ఆపాలి. ఆయన మీకు కనపడటం మానేస్తే కదలకండి.

వరస ఇది: రేడియోలు ఆఫ్, మాగ్నెటో ఎర్త్ చెక్, మిక్స్చర్ కట్ ఆఫ్, ప్రాప్ ఆగాక స్విచ్ ఆఫ్, కీ తీసి డాష్‌బోర్డ్ పైన అందరికీ కనపడేలా, మాస్టర్ ఆఫ్, కంట్రోల్ లాక్, చాక్స్, మూడు తాళ్ళు, పిటో కవర్. ముక్కు వీలైనంత వరకు గాలికి ఎదురుగా. ఇంధనం నింపాలంటే ముందు ఎర్త్ వైరు తగిలించాకే ట్యాంక్ మూత తియ్యాలి.

హ్యాంగర్‌లోకి తోశాక టో బార్ విప్పి సామాన్ల అరలో పెట్టి, ఆ అర తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి రండి.